నొప్పి చెప్పని కాలు

శనివారం ప్రయాణానికి మంగళవారం నాడే సంచి సర్దడం మొదలుపెట్టింది ఒటిలియా. తమ్ముడి ఉన్ని మేజోళ్లు, లోపలి చొక్కాలు, మెడకు చుట్టుకునే గుడ్డ, దగ్గు మందు, ఎండబెట్టిన ఆపిల్ ముక్కల పొట్లం. అన్నీ పెట్టి, మళ్లీ అన్నీ బయటికి తీసింది. మేజోళ్లు అడుగున ఉంటే చలిలో ఆత్రంగా వెతుక్కోవాలి, పైన ఉంటే మంచు పడి తడుస్తాయి. ఎటూ తోచక మధ్యలో దోపింది.

"ఏంటక్కా, నన్ను యుద్ధానికి పంపుతున్నావా?" అన్నాడు సెవెరినో గుమ్మానికి ఆనుకుని. "కొండ కనుమ అవతల రెండు రోజుల పందేలు. ఆదివారం రాత్రి నీ బార్లీ సూపు తాగడానికి వచ్చేస్తా."

"ముందే వచ్చేస్తా అనకూడదు."

"సరే, రానైతే."

"నోర్ముయ్!" అంది ఒటిలియా. చేతిలోని దగ్గు మందు సీసాతో గబగబా శిలువ గుర్తు వేసుకుంది.

సెవెరినో నవ్వాడు. అరవై దాటినా ఆ నవ్వు పిల్లాడిదే. ముప్ఫై ఏళ్లు లోయ బస్సు నడిపి విశ్రాంతి తీసుకున్న మనిషి. పెళ్లి చేసుకోలేదు. అక్క స్కీ బూట్ల దుకాణం పైగదిలో ఉంటాడు. ఏడాదికోసారి వాళ్ల ఊరు వాల్‌సెరా స్కీ సంఘం మంచు మీద జారే పందేలకు వెళ్తుంది. సంఘానికున్న పాత బస్సును నడిపేది అతనే, అందరికంటే ముసలి పోటీదారూ అతనే.

"మేజోళ్లు అన్నెందుకే? పందెం బూట్లలోకి వెంట్రుక కూడా దూరదని నువ్వే అంటావుగా" అంటూ మెట్లు దిగి పోయాడు.

ఆ మాట నిజమే. పందెం బూటు అలాంటిది. మామూలు స్కీ బూటుకి పైనుండే ప్లాస్టిక్ డిప్ప పలచగా ఉంటుంది, లోపలి మెత్త బొద్దుగా ఉంటుంది, కాలు పెడితే పరుపు మీద పెట్టినట్టుంటుంది. పందెం బూటుకి డిప్ప వేలెడు మందం, మెత్త చూస్తే అట్టముక్క. కాలికంటే రెండు సైజులు చిన్నది తీసుకోవాలి. తీసుకుని, కాలు ఎక్కడెక్కడ మొర పెడుతుందో అక్కడక్కడ డిప్పను అరగదీయాలి, వేడి చేసి లోపలి నుంచి జాకీతో సాగదీయాలి. ప్రపంచ పోటీలకు వెళ్లే కుర్రాళ్లకు అవి అవసరం. వాల్‌సెరాలో మాంసం కొట్టే ఎజీదియోకి, ఉత్తరాలు పంచే మఫాల్డాకి, బ్యాంకులో కూర్చునే వాళ్లకి అవసరమేమిటో దేవుడికే తెలియాలి. కానీ వాళ్లకి అవే కావాలి. సంఘంలో మెత్తని బూటు వేసుకున్నవాణ్ని "చెప్పులోడు" అంటారు.

భర్త పోయాక ఆ పని ఒటిలియాదే అయింది. కొత్త బూటు ఎవరు తొడుక్కున్నా ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఒకటే మాట అడిగేది. "ఎక్కడ నొప్పి?" వాళ్లు చెప్పేది సగమే వినేది. మిగతాది కనుబొమలు చూసి, బల్ల అంచు పట్టుకున్న వేళ్లు చూసి తెలుసుకునేది. నొప్పి చెప్పిన చోట సున్నపుముక్కతో గుర్తు పెట్టి, గ్రైండర్ దగ్గరికి వెళ్లేది. నొప్పే ఆమెకి కొలబద్ద.

ఆ సాయంత్రం కార్నివాల్ చివరి రోజు. రేపటి నుంచి నలభై రోజుల ఉపవాస కాలం. ఏటా ఆ సాయంత్రమే దుకాణంలో "బిగింపు విందు" జరుగుతుంది. ఆ ఏడు కొత్త బూట్లు చేయించుకున్నవాళ్లు వాటిని తొడిగి, బకిల్స్ బిగించి, బల్ల చుట్టూ కూర్చుని తింటారు. ముందు బకిల్ విప్పినవాడు ఏప్రన్ కట్టుకుని అందరి గిన్నెలూ తోమాలి. చివరిదాకా విప్పనివాడు సంఘం జెండా పట్టుకుంటాడు.

మఫాల్డా మొదటి సాసేజి ముక్క నోట్లో పెట్టుకోకముందే చెమటలు కక్కుతోంది. "పిన్నీ, నా బొటనవేలు నన్ను తిడుతోంది. ఉత్తరాల సంచి మోసినన్నాళ్లు ఎప్పుడూ అనని మాటలు అంటోంది."

"విప్పేయవే, గిన్నెలు ఎదురుచూస్తున్నాయి" అన్నాడు ఎజీదియో. సంఘానికి అధ్యక్షుడు అతనే. దవడ బిగపట్టి మాట్లాడుతున్నాడు. ఆవును ఒంటిచేత్తో వేలాడదీసే మనిషి, బల్ల కింద మోకాళ్లు వణుకుతున్నాయి.

"నువ్వు విప్పు. నీ మొహం చూస్తే కానుపు నొప్పులు పడుతున్నట్టుంది."

"నాకేం, హాయిగా ఉంది."

"అవును, కళ్లలో నీళ్లు ఉల్లిపాయ వల్ల."

చివరికి ఎజీదియోయే "అమ్మా!" అని కేక పెట్టి నాలుగు బకిల్సూ ఒక్కసారి తెంచినట్టు విప్పాడు. ఏప్రన్ అతని మెడలో పడింది. తర్వాత ఒక్కొక్కరే విప్పారు. మఫాల్డా మూడు పాటల దాకా ఓర్చి, కాళ్లు తీసి కిటికీ అంచు మీది మంచులో పెట్టి "స్వర్గం, స్వర్గం" అంది.

సెవెరినో ఒక్కడే మిగిలాడు. బకిల్స్ చివరి పంటి దాకా బిగించి ఉన్నాయి. నూనెలో వేయించిన పిండివంటలు మూడోసారి వడ్డించుకుని, చక్కెర పొడి మీసాలకు అంటించుకుని, పాత బస్సు కబుర్లు చెబుతున్నాడు.

ఒటిలియా అతని ముందు వంగి అలవాటుగా అడిగింది. "ఎక్కడ నొప్పి?"

"ఎక్కడా లేదక్కా. నీ చేతి చలవ."

ఆ మాటకి ఆమె మొహం వేడెక్కింది. ఇన్నేళ్లలో ఒక్క కాలూ ఆ మాట అనలేదు. ఎంత బాగా చేసినా ఎక్కడో ఒకచోట సణుగుతూనే ఉండేది. జెండా సెవెరినో చేతికిచ్చి అందరూ బల్ల చరిచారు. ఒటిలియా కూడా చరిచింది.

వీధిలో డప్పులు ఇంకా మోగుతున్నాయి. అందరూ వెళ్లాక ఒటిలియా పనిబల్ల తుడుస్తోంది. సెవెరినో బూటు కింద ఎత్తు పలక వేయడానికి మధ్యాహ్నం మరలు తీసి సీసా మూతలో పోసింది. ఇప్పుడు ఒక మర తగ్గింది. బల్ల కింద చూసింది. చీపురుతో ఊడ్చిన దుమ్ములో, ప్లాస్టిక్ పొట్టులో వేళ్లు పెట్టి వెతికింది. గ్రైండర్ వెనక చూసింది. అప్పుడు ఆమె చూపు, సెవెరినో విప్పి పడేసిన బూటు మీద పడింది.

లోపలి మెత్తను బయటికి లాగి దులిపింది. టిక్కుమని నేల మీద పడింది మర. మెత్త అడుగున, బొటనవేలి ముడుసు వచ్చే చోట, నల్లటి తడి మరక.

ముందు తన తప్పే గుర్తొచ్చింది. మర లోపల వదిలేశాను, తమ్ముడి కాలు చీల్చాను అనుకుంటూ రెండేసి మెట్లు ఎక్కింది. సగంలో ఆగిపోయింది. మరొకటి తట్టింది. అంతసేపు కూర్చున్నాడు. మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఎక్కడా లేదక్కా అన్నాడు.

మిగతా మెట్లు గోడ పట్టుకుని ఎక్కింది.

సెవెరినో టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. కాళ్లు స్టూలు మీద. తెల్ల మేజోడు అడుగు ఎర్రగా తడిసి, స్టూలు మీది గుడ్డకి అంటుకుంది.

"రినో. నీ కాలు."

వంగి చూసుకున్నాడు, పక్కింటివాళ్ల కాలు చూసినట్టు.

"ఓహో" అన్నాడు. "ఎప్పుడు తెగిందబ్బా?"

* * *

బుధవారం పొద్దున గుడిలో ఫాదరు నుదుట బూడిద పెడుతూ, మట్టివి, మట్టిలో కలుస్తావు అన్నప్పుడు ఒటిలియాకి తమ్ముడి పాదాలే కనబడ్డాయి. ఇంటికొచ్చి అతన్ని వంటింట్లో కూర్చోబెట్టింది. కట్టు విప్పి గాయం కడిగింది. లోతుగానే దిగింది. అయొడిన్ పోసింది. గాయం మీద అయొడిన్ పడితే ఎవడైనా ఎగిరి పడతాడు. సెవెరినో కాఫీలో రొట్టె ముంచుకుంటున్నాడు.

"కళ్లు మూసుకో" అంది.

"ఏంటే, చిన్నప్పటి దాగుడుమూతలా?"

"మూసుకోరా."

మూసుకున్నాడు. నుదుటి మీది బూడిద రొట్టెముక్కలో రాలింది. ఒటిలియా పెన్సిలు మొన తీసుకుని అతని పాదం ముందు కూర్చుంది.

"ఏ వేలు ముట్టుకున్నానో చెప్పు."

"చిటికెన వేలు" అన్నాడు సెవెరినో వెంటనే.

ఆమె ఇంకా దేన్నీ ముట్టుకోలేదు.

"ఇప్పుడు?" అంది. బొటనవేలు మీద గట్టిగా గుచ్చింది.

"ఇప్పుడు కూడా అదే. నన్ను ఏమారుద్దామనా?" అంటూ కళ్లు తెరిచాడు. పెన్సిలు ఎక్కడుందో చూశాడు. అక్క మొహం చూశాడు. నవ్వు అలాగే ఉండిపోయింది గాని, కళ్లలోంచి దిగిపోయింది.

తనే చెప్పాడు. నిరుటికి ముందటి చలికాలం నుంచి. మొదట చీమలు పాకినట్టుండేదట. తర్వాత ఉన్ని మీద నడుస్తున్నట్టు. కింద పట్నంలో డాక్టరు రక్తం చూసి చక్కెర జబ్బు అన్నాడట. బిళ్లలిచ్చాడు. సొరుగులో ఉన్నాయి.

"సొరుగులో ఉంటే అవేం చేస్తాయిరా? సొరుగుకి నయమవుద్దా?"

"అరవకు. వేసుకుంటా."

"ఇవాళే పోదాం డాక్టరు దగ్గరికి. పది గంటల బస్సుంది."

"ఆదివారం తర్వాత" అన్నాడు సెవెరినో. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు, రొట్టె తడి వేళ్లతోనే. "అక్కా, నాకిదే చివరి ఏడు. నాకూ తెలుసు. ఈ ఒక్క పందెం దిగనీ. సోమవారం నువ్వే చెవి పట్టుకుని తీసుకుపో. అందాకా ఎవరికీ చెప్పకు. జెండా పట్టుకున్నవాడి కాళ్లు చచ్చిపోయాయని ఊరంతా నవ్వుద్ది. ఒట్టెయ్."

"నేనెయ్యను."

"అమ్మ మీద ఒట్టెయ్."

ఆమె వేసింది. అతను అలా అడిగితే చిన్నప్పుడూ కాదనలేకపోయేది.

ఒట్టు వేశాక భయం తగ్గాలి. పెరిగింది. ఇక ఆ భయాన్ని పంచుకునే దిక్కు లేదు. దాంతో చేతులకి పని చెప్పింది. సెవెరినో బూటు విప్పదీసి, ఖాళీ డిప్పలో అతని పాదం పెట్టించి, మడమ వెనక వేలు పెట్టి చూసింది. ఒక్క వేలే పట్టింది. పందేలకు అదే లెక్క. ఇప్పుడామెకి రెండు వేళ్లు కావాలి. గురువారమంతా గ్రైండర్ ఆగలేదు. తెల్ల పొట్టు ఆమె జుట్టులో, కనురెప్పల మీద, ఏప్రన్ మడతల్లో మంచులా పేరుకుంది. ముడుసు దగ్గర వేడిగాలి పట్టి, ప్లాస్టిక్ మెత్తబడి వాసన రాగానే జాకీ పెట్టి తిప్పింది. చల్లారేదాకా అలాగే ఉంచింది. మళ్లీ తిప్పింది.

మామూలుగా అయితే కాలిని అడిగేది. ఈ కాలిని అడిగి లాభం లేదు. అందుకని కొలిచింది. చలికి డిప్ప ఇంకా బిగుసుకుంటుంది, అది కలిపింది. భయానికి కొంత కలిపింది. లోపల మడతగాని కుట్టుగాని తగలకుండా మెత్తకి పట్టుగుడ్డ అంటించింది.

ఎజీదియో తన బూట్ల కోసం వచ్చి ఆ పని చూసి నోరు తెరిచాడు. "ఏంటి పిన్నీ, బూటు చేస్తున్నావా, నీళ్ల తొట్టా? బాబాయ్ జెండా వీరుడు కదా!"

"చలి ఎక్కువుంటుందట."

"చలి ఎప్పుడు లేదు? ఇంత వదులైతే మలుపులో బూటొక దిక్కు, బాబాయ్ ఒక దిక్కు పోతారు."

గ్రైండర్ చప్పుడులో ఆమె ఏదో అంది. ఎజీదియోకి వినబడలేదు. వినబడనందుకు ఆమె సంతోషించింది. సాయంత్రానికి రెండు వేళ్లూ పట్టాయి. వేళ్లకి గాలి ఆడుతుంది, రక్తం ఆడుతుంది, రెండు రోజులకి ఏమీ కాదు అని తనకు తనే చెప్పుకుంది. ఆ రాత్రి కొంచెం నిద్ర పట్టింది.

* * *

శుక్రవారం మఫాల్డా కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చి, ఇచ్చాక కూడా కదలలేదు. నవ్వు ఆపుకుంటోంది.

"పిన్నీ, మీ తమ్ముడు ఇవాళ ఫౌంటెన్‌కి ముద్దు పెట్టాడు."

"ఏం పెట్టాడు?"

"బస్సు షెడ్డులోంచి తీశాడు, ఇంజను వేడి చేద్దామని. నేను అటుపక్కే ఉన్నా. మెల్లగా వస్తోంది, వస్తోంది, ఆగాల్సిన చోట ఆగదే! తిన్నగా పోయి ఫౌంటెన్ గోడకి ఆనుకుంది. పావురాలన్నీ లేచిపోయాయి. నేను పరిగెత్తి, ఏంటి బాబాయ్, బ్రేకు మర్చిపోయావా అంటే, నొక్కాననుకున్నానే అంటాడు. వట్టి గాల్లో నొక్కాడంట. పెడలు పక్కనే!" అని పకపకా నవ్వింది. "వయసైపోతోంది మనకి."

ఒటిలియా కరెంటు బిల్లు బల్ల మీద పెట్టేసింది.

మూడు రోజులుగా తను చూసింది ఒక్క బూటునే. ఆ కాలు ఎన్ని పనులు చేస్తుందో, అన్నీ వదిలేసి స్కీల మీదే చూసింది. గాయపడితే అతను గాయపడతాడు, వేళ్లు పోతే అతని వేళ్లు పోతాయి అనుకుంది. ఇప్పుడు కనుమ దారి కళ్ల ముందు లేచింది. ఒక పక్క రాతిగోడ, ఒక పక్క ఏమీ లేదు. మలుపు తర్వాత మలుపు. వెనక సీట్లలో పాటలు పాడుతూ మఫాల్డా, ఎజీదియో, ఎజీదియో కూతుళ్లు. ముందు సీటులో రినో, గాల్లో బ్రేకు నొక్కుతూ.

కోటు కూడా వేసుకోకుండా షెడ్డుకి పోయింది. సెవెరినో చక్రాలకు గొలుసులు కడుతున్నాడు.

"నువ్వు నడపకూడదు."

అతను తలెత్తలేదు. "మఫాల్డా రేడియో పాడిందా?"

"రినో, బూటు సంగతి వేరు. ఇది నలభై మంది ప్రాణం."

"ఆ కనుమ మీద ముప్ఫై ఏళ్లు నడిపా. ప్రతి రాయీ నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. కాళ్లు లేకపోతే పిర్రలతో నడుపుతా" అన్నాడు. ఆమె నవ్వలేదు. అతను గొలుసు వదిలి నిలబడ్డాడు. "ఇంకెవరు నడుపుతారు? ఊళ్లో బస్సు లైసెన్సు నాకొక్కడికే ఉంది. నేను కాదంటే ఎందుకని అడుగుతారు. చెప్పాలి. అప్పుడు లైసెన్సూ పోద్ది. మనిషికి ఎన్ని పోగొడతావక్కా ఒక్క రోజులో?"

"నేను పోగొట్టడం లేదురా."

"ఒట్టేశావు" అన్నాడు సెవెరినో. మళ్లీ గొలుసు మీదికి వంగాడు.

అక్కణ్నుంచి ఎజీదియో దుకాణానికి పోయింది. ఉపవాస శుక్రవారం, మాంసం అమ్మకం లేదు. కొక్కేలు ఖాళీగా మెరుస్తున్నాయి. అతను కత్తులు నూరుకుంటున్నాడు.

"ఎజీదియో, రేపు సెవెరినోని నడపనీయకు."

"ఎందుకు పిన్నీ?"

నోటిదాకా వచ్చింది. అమ్మ పేరు అడ్డం పడింది. "నాకు భయంగా ఉంది" అంది.

ఎజీదియో కత్తి పక్కన పెట్టి, ప్రేమగానే నవ్వాడు. "నిరుడు పొగమంచు అన్నావు. ముందటేడు కల వచ్చిందన్నావు, బస్సు చేప అయిపోయిందని. అంతకుముందు కాకి ఏదో అంది. పిన్నీ, నువ్వు భయపడకపోతేనే మాకు భయం. రేపు వచ్చి గుమ్మం దగ్గర ఏడువు, మేం హాయిగా వెళ్లి వస్తాం."

ఆమె వాకిట్లోకి వచ్చింది. ఇన్నేళ్లూ భయాన్ని ఊరికే ఖర్చు పెట్టేసింది, ఇవాళ అవసరానికి చిల్లిగవ్వ మిగల్లేదు.

* * *

శనివారం తెల్లవారకముందే లేచి వంటింట్లో కూర్చుంది. బల్ల మీద పిడికెడు హేజెల్ కాయలున్నాయి, గింజ చుట్టూ చెక్కపెంకుతో. ఒకటి తీసుకుని వేళ్ల మధ్య తిప్పింది. మొన లేనిది, నున్ననిది ఏరింది. అది కాలిని చీల్చదు. కానీ దాని మీద నడవడం ఏ మనిషి వల్లా కాదు. రెండడుగులు కూడా కాదు.

గుమ్మం పక్కనున్న తమ్ముడి మామూలు బూట్లలో ఎడమదాని లోపల దాన్ని వేసింది. గాయం కుడికాలిది.

సెవెరినో ఏదో పాట కూనిరాగం తీస్తూ దిగొచ్చాడు. పీట మీద కూర్చుని కుడి బూటు తొడిగాడు. ఎడమది తొడిగాడు. తాళ్లు లాగి ముడి వేశాడు.

కేక పెట్టు, అనుకుంది ఒటిలియా. అరవరా. అక్కా, ఇదేంటే అని తిట్టు. బూటు తీసి నా మీద విసురు. నేను పిచ్చిదాన్నని నలుగురికీ చెప్పు, నేనూ చెప్తాను. అరిచావంటే అన్నీ తప్పే, డాక్టరు తప్పు, పెన్సిలు తప్పు, నేను తప్పు.

సెవెరినో లేచాడు. ఎడమకాలి మీద బరువు వేసి వంగి సంచి అందుకున్నాడు. "చలి బాగుంది ఇవాళ, రోడ్డు గట్టిగా ఉంటుంది" అన్నాడు. జెండా భుజాన పెట్టుకుని మెట్లు దిగాడు. వీధి దాటాడు. మంచు మీద అతని అడుగులు రెండూ ఒకేలా పడుతున్నాయి. ఒటిలియా వాటి వెనకే నడిచింది.

ఫౌంటెన్ ఉన్న చౌకులో అందరూ బస్సు చుట్టూ చేరి ఉన్నారు. స్కీలు పైకెక్కిస్తున్నారు. ఫ్లాస్కుల్లోంచి కాఫీ ఆవిరి లేస్తోంది. సెవెరినో డ్రైవరు సీటెక్కి ఇంజను తిప్పాడు. ఒటిలియా బస్సు మెట్టెక్కి తలుపులో అడ్డంగా నిలబడింది.

"ఏడవడానికి వచ్చింది!" అని ఎవరో అరిచారు. చప్పట్లు కొట్టారు.

"ఈ బస్సు సెవెరినో నడపకూడదు" అంది. ఆమె గొంతు ఆమెకే వినబడలేదు. ఇంకోసారి అంది.

"కలొచ్చిందా పిన్నీ? ఈసారి ఏ చేప?" అన్నాడు ఎజీదియో. వెనక నవ్వులు.

సెవెరినో ఇంజను ఆపాడు. "దిగక్కా" అన్నాడు మెల్లగా. "నువ్వు మాటిచ్చావు."

"మాట తప్పుతున్నాను. ఎడమ బూటు విప్పు."

"ఏంటి?"

"విప్పి దులుపు. ఏమీ లేకపోతే నేను దిగిపోతాను. ఇక జన్మలో ఏ బస్సుకీ ఎదురు రాను."

సెవెరినో ఆమెని చూశాడు. జనాన్ని చూశాడు. నవ్వించడానికే అన్నట్టు భుజాలెగరేసి, ముడి విప్పి బూటు లాగి బోర్లించాడు. హేజెల్ కాయ ఇనుప మెట్టు మీద పడి, ఎగిరి, ఒక్కో మెట్టూ దిగి మఫాల్డా కాళ్ల దగ్గర మంచులో ఆగింది. మఫాల్డా వంగి తీసింది.

"ఇంటి దగ్గర వేసుకున్నాడు. చౌకు దాకా నడిచాడు" అంది ఒటిలియా. "మీరు బిగింపు విందులో చూశారే, ఎక్కడా నొప్పి లేదన్నాడే, ఆ రోజు బూటులో మర ఉంది. నా పొరపాటు. రక్తం వచ్చింది. తెలియలేదు. నిన్న ఫౌంటెన్ కూడా అందుకే."

ఎజీదియో నోటి దగ్గర కప్పు అక్కడే ఆగిపోయింది. అతని చిన్న కూతురు "నాన్నా, కాయ గుచ్చుకోదా?" అని అడిగింది. అతను ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు, బస్సుకి దూరంగా.

సెవెరినో బూటు తిరిగి తొడుక్కున్నాడు. తాళ్లు కట్టుకుంటూ వేళ్ల వంకే చూసుకుంటున్నాడు.

"నువ్వు పెట్టావా?" అన్నాడు.

"నేనే."

"నేను తొడుక్కుంటుంటే చూస్తూ నిలబడ్డావు."

"నువ్వు అరుస్తావనుకున్నా రినో. అరవాలనుకున్నా."

అతను తలూపాడు, టికెట్టు ఇచ్చి చిల్లర తీసుకున్నప్పుడు ఊపినట్టు. దిగొచ్చి తాళంచెవి ఎజీదియో చేతిలో పెట్టాడు. జెండా బస్సుకి ఆనించాడు. ఎజీదియో "బాబాయ్, మాతో రా, ఊరికే కూర్చుని రా" అన్నాడు. మిగతావాళ్లు మంచులోకి చూశారు. అలా చూడకుండా ఉంటే ఏమైనా వేరుగా ఉండేదేమో. సెవెరినో పోయి ఫౌంటెన్ పక్క బస్సు స్టాపులో కూర్చున్నాడు.

పక్క లోయకి ఫోను చేశారు. ఒక కుర్ర డ్రైవరు మోటార్ సైకిలు మీద వచ్చేసరికి పది కావస్తోంది. అంతసేపూ ఒటిలియా అక్కడే నిలబడి ఉంది. సగం మంది ఆమెతో మాట్లాడలేదు. మఫాల్డా మాత్రం తన ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చింది. "తాగు పిన్నీ. చేతులు నీలంగా ఉన్నాయి" అంది. నవ్వులాట ఏదీ రాలేదు ఆ నోట్లోంచి.

కొత్త కుర్రాడు బస్సు కదిలించాడు. ఒటిలియా చూస్తూ నిలబడింది. బ్రేకు పడుతుందా, మొదటి మలుపు తిరుగుతుందా, రెండోది తిరుగుతుందా. ఎర్ర బస్సు రాతిగోడ వెనక మాయమై, మళ్లీ పైన కనబడి, మళ్లీ మాయమయ్యేదాకా కళ్లార్పలేదు. ఇక కనబడదని నిశ్చయమయ్యాక వెనక్కి తిరిగింది.

చౌకు ఖాళీగా ఉంది. ఫౌంటెన్ పక్క స్టాపులో ఎవరూ లేరు. కిందికి పోయే పది గంటల సర్వీసు బస్సు అప్పుడే వెళ్లిపోయింది. దాంట్లో సెవెరినో ఎక్కాడని, కిటికీ పక్కన కూర్చున్నాడని, ఎవరి వంకా చూడలేదని రొట్టెల కొట్టు ఆవిడ చెప్పింది.

ఆదివారం సాయంత్రం సంఘం బస్సు తిరిగొచ్చింది. కనుమ మీద రోడ్డు ఎండి ఉందట, మంచు చుక్క పడలేదట. వెళ్లినవాళ్లందరూ వచ్చారు. ఎవరికీ గోరు కూడా విరగలేదు. ఎవడైనా నడపగలిగే రోజది అని కొందరన్నారు. కావచ్చు.

సెవెరినో పట్నంలో వైద్యం చేయించుకున్నాడు. స్టేషను వెనక గది తీసుకుని అక్కడే ఉండిపోయాడు. ఒటిలియా మూడుసార్లు వెళ్లింది. అతను మర్యాదగా కుర్చీ వేశాడు, కాఫీ ఇచ్చాడు, బస్సు టైము గుర్తు చేశాడు. 2004 నవంబరులో పోయాడు. పోయేనాటికి రెండు పాదాలూ, పది వేళ్లూ ఉన్నాయి. 1997 ఫిబ్రవరిలో, ఉపవాస కాలపు మొదటి శనివారం ఉదయం పది గంటల బస్సెక్కిన సెవెరినో వాల్‌సెరాకు మళ్లీ రాలేదు.